పేలని గుండు, పలుకని నోరు

గత వేసవిలో ఎల్లారెడ్డి వైపునుండి ఒక రైతు భూమి తగాదా పనిమీద కామారెడ్డి న్యాయస్థానమునకు వచ్చెను. పని ముగిసిన పిమ్మటగూడ ఆతడు పోక మా బల్లయొద్దనే నిలిచియుండెను. అడుగవలెనా, మానవలెనా యని కొంతసేపు తటపటాయించి, తుదకు గొంతు తగ్గించి యిట్లనెను: "వకీలు సాబు, అడివిల బాంబు అసొంటిది కనవడితె ఎవలకు చెప్పాలె? చెప్తే, నువ్వు అడివిల ఎందుకున్నవని నన్నే పట్టుకపోరా?"

ఇరువదేండ్లుగా శాసనగ్రంథములు తిరుగవేయుచున్న మాకు ఆ ప్రశ్నకు వెంటనే ఉత్తరము తోచలేదు. తోచకపోవుట మాకు సిగ్గు కలిగించినది. ఆ సిగ్గే నేటి యీ వ్యాసమునకు కారణము.

ఆతడు చెప్పిన వృత్తాంత మిది. యౌవనమున అప్పు తీర్చుకొనుటకై కువైటునకు పోయి, అచ్చటి యెడారిలో గొఱ్ఱెలు కాచుచు ఆతడు ఆఱేండ్లు గడపెను. ఒకనాడు గాలికి ఇసుక తొలగి, మోచేతి పొడవుగల తుప్పుపట్టిన ఇనుపగుండొకటి కనబడెను. దానిని ముట్టక యజమానికి చెప్పగా యజమాని ఫోను చేసెను. సైనికులు వచ్చి, గొఱ్ఱెలను దూరముగా తోలించి, దానిని తీసికొనిపోయిరి. నీ వచ్చట నేల తిరుగుచుంటివని ఆతని నెవరును అడుగలేదు. స్వగ్రామమునకు తిరిగివచ్చిన తరువాత ఒక సాయంకాలము ఆతడు కుందేళ్లకు ఉచ్చులు పన్నుటకై అడవికి పోగా, ఇప్పచెట్టు మొదట పిడికిలంత ఉండ యొకటి కనబడెను. అది అడవిపందికై పెట్టిన మందుగుండని ఆత డెఱుగును. ముట్టలేదు, కాని యెవరికిని చెప్పనులేదు. చెప్పినచో తన యుచ్చుల మాటయు బయటపడును. నాలుగవ దినమున పొరుగువాని పెయ్య దవడ పగిలి ఆ చెట్టుక్రిందనే పడియుండెను. "పెయ్య కాకుంటె, ఇప్పపూలు ఏరుకునే పిల్లలుందురు సాబు" అని ఆతడు తలవంచుకొనెను.

పరాయిదేశమున పరుల గొఱ్ఱెలు కాచునప్పుడు నోరు విప్పిన మనుష్యుడు తన యూరి యడవిలో తన పొరుగువాని పసరమును కాపాడుటకు నోరు విప్పలేకపోయెను. ఆతనియందు దోషము లేదని మేము చెప్పము. ఉచ్చు పన్నుట నేరమే. కాని దోషమంతయు ఆతనిదే యని చెప్పుటకు మాకు మనసొప్పదు. నిజము చెప్పినవానికి భయము, చెప్పనివానికి క్షేమము నుండునట్లు మన యేర్పాటులు సాగుచున్నంతకాలము ఇట్టి మౌనము ఊరూరను పండుచునే యుండును.

మన యడవుల సంగతి మొదట చూతము. కామారెడ్డి, లింగంపేట, గాంధారి, ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేటల చుట్టునున్న యడవులు వేటకు పాతనేలలు. ఆలేరు వాగునకు 1916 మొదలు 1922 వరకు ఆనకట్ట కట్టి నిర్మించిన పోచారము చెఱువు పరిసరములు నిజాము ప్రభువుల షికారుభూములుగ నుండినవి. ప్రభువుల తుపాకులు పోయిన పిమ్మట 1952లో ఆ ప్రాంతము అభయారణ్యముగ ప్రకటింపబడినది. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనము వేటను దేశమంతట నిషేధించినది. అభయారణ్యములో వేటాడినవానికి మూడు సంవత్సరములకు తక్కువగాక ఏడు సంవత్సరముల వరకు కారాగారశిక్ష కలదు. శాసనము మంచిదే, దానిని సడలింపుమని మేము కోరుట లేదు.

కాని అడవి యంచున మక్క వేసినవాని రాత్రు లెట్టివో పట్టణమున నున్నవారికి తెలియదు. పందులమంద యొక్కరాత్రిలో ఎకరము చేను దున్నినట్లు చేసి పోవును. మంచె కట్టి, డబ్బాలు వాయించి, దీపములు వెలిగించి విసిగినవారిలో కొందఱు రెండు చెడుత్రోవలు త్రొక్కుచున్నారు. ఒకటి, చేనిచుట్టు తీగె లాగి విద్యుత్తు పాఱించుట. దానికి పందులతోబాటు రాత్రివేళ నీరు కట్టబోయిన రైతులును బలియగుచున్నారు. రెండవది, తినుబండారమునందు మందుగుండు దాచి పందుల బాటలలో పెట్టుట. పంది కొఱికినయెడల మూతి పగులును. కొఱకనియెడల నేమగును? పెట్టినవాడు తెల్లవాఱునప్పటికి అన్నిటిని లెక్కబెట్టి తిరిగి తీసికొనునా? పది పెట్టి యెనిమిది తెచ్చుకొన్నవాడు మిగిలిన రెండింటిని ఆకులకు, వానకు, దైవమునకు వదలివేయును. ఆ రెండింటి నెదుట పడునది పసరము, కుక్క, తునికాకు కోయు స్త్రీ, ఇప్పపూలేరు బాలుడు. 2020 మే నెల 27న కేరళదేశమున గర్భముతోనున్న యొక యేనుగు ఇట్టి మందుగుండు కొఱికి, నోరు పగిలి, వెళ్లియార్ నదిలో నిలువునా ప్రాణములు విడిచినప్పుడు దేశమంతయు కన్నీరు కార్చినది. ఆ కన్నీటిలో నొకచుక్కయైనను మన యూళ్ల పెయ్యలకు, మన యూళ్ల పిల్లలకు మిగులవలదా?

ఇది చిన్న యుండ మాట. దీనికి పెద్దన్న ఫిరంగిగుండు. సేనలవారు గురి నేర్చుకొను చాందుమారి మైదానములలో పేలక మిగిలిపోవు గుండ్ల కథయు ఇట్టిదే. కాని యంతకంటె దీర్ఘమైనది, ఘోరమైనది.

ఫిరంగిగుండును మోయునప్పుడు పేలకుండ దాని ఫ్యూజులో కొన్ని గొళ్లెములుండును. ఫిరంగినుండి వెడలునప్పటి యదటునకు, గిరగిర తిరుగుటకు ఆ గొళ్లెములు ఊడిపోవును. అటుపిమ్మట నేలకు తగిలినంతనే పేలవలెను. కాని అన్నియు పేలవు. బురదలో మెత్తగా దిగినను, ఇసుకలో ఏటవాలుగా జారినను, చెట్టుకొమ్మలకు తగిలి దారి తప్పినను, ఫ్యూజు పాతబడినను గుండు పేలక నిలిచిపోవును. అట్టిదానిని జనులు చచ్చినగుండందురు. అది చచ్చినది కాదు; నిద్రించుచున్నది. ఆయుధాగారములో భద్రముగానున్న గుండుకంటె ఇదియే యెక్కువ ప్రమాదకరము. ఏలయన దీని గొళ్లెము లూడిపోయినవి, మిగిలినది ఒక్క తాకుడు మాత్రమే. తుప్పు దానిని చంపదు; లోపలి మందు ఏండ్లు గడచినను చెడదు. 1914 మొదలు 1918 వరకు జరిగిన మహాయుద్ధపు గుండ్లు ఫ్రాన్సు, బెల్జియము దేశముల పొలములలో నేటికిని నాగలికి తగులుచునే యున్నవి. అచ్చటి రైతులు దానికి ఇనుపపంట యని పేరు పెట్టుకొన్నారు. లావోసు దేశముపైన 1964 మొదలు 1973 వరకు వేయబడిన చిన్నబాంబులు సుమారు 27 కోట్లు. వానిలో పేలక మిగిలినవి 8 కోట్ల వరకు నుండునని లెక్క. యుద్ధము తీఱి యర్ధశతాబ్దము గడచినను అచ్చటి పిల్లలు వానిని బంతులనుకొని చేత పట్టుచున్నారు.

మన తెలుగునేలకును ఈ యనుభవము క్రొత్త కాదు. 1942 ఏప్రిలు 6న జపానువారి విమానములు విశాఖపట్టణముపైన, కాకినాడపైన బాంబులు వేసినవి. ఆనాడు పేలక మిగిలిన బాంబొకటి విశాఖ మ్యూజియములో చూపఱకై యుంచబడినది. గాజుపెట్టెలోనున్న బాంబు పిల్లలకు వింత. పొదలోనున్న బాంబు పిల్లలకు మృత్యువు. రెండింటికిని భేదము నడుమ నొక జాగరూకుడైన మనుష్యు డుండుట, లేకుండుటయే.

ఇక కువైటు మాట. 1990 ఆగస్టు 2న ఇరాకు సేనలు ఆ దేశమును ఆక్రమించినవి; 1991 ఫిబ్రవరిలో అది విముక్తమైనది. ఆ యేడు నెలలలో ఇసుకలో పాతబడిన మందుపాతరలు, ఆకాశమునుండి పడి పేలని బాంబులు లక్షలాదిగ మిగిలినవి. ఏండ్లతరబడి ఏఱివేసినను, గాలి యిసుకను కదల్చినపుడెల్ల ఒకటి రెండు పైకి వచ్చుచుండును. ఆ యెడారులలో గొఱ్ఱెలను, ఒంటెలను కాచువారిలో మన కామారెడ్డి, నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతముల బిడ్డలు కలరు. కావున ఇది మనది కాని ముచ్చట యని యే పాఠకుడును ఈ పుటను త్రిప్పివేయ నక్కఱలేదు. మన బిడ్డ యే యిసుకలో నడుచుచున్నాడో మనకు తెలియనప్పుడు ప్రపంచమందలి ప్రతి పేలని గుండును మనదే.

స్వదేశమున సేనలు కాల్పులు నేర్చుకొను భూముల కథ చూతము. కాశ్మీరమున బడ్గాము జిల్లాలో తోసమైదాన మను పచ్చికబీడు కలదు. 1964లో దానిని చాందుమారికై సైన్యమున కిచ్చిరి. ఏబది సంవత్సరముల గడువు 2014 ఏప్రిలు 18న తీఱినది. ఈ నడుమ పేలని గుండ్లవలన చనిపోయినవారు అఱువదిమందికి మించిరి. కాళ్లు చేతులు పోగొట్టుకొన్నవారును పలువురు. వారిలో గొఱ్ఱెలకాపరులు, కట్టెలకు పోయినవారు, ఇనుప తునకలేరుకొన్నవారు ఎక్కువ. గడువు తీఱిన మఱుసటి నెలలోనే, పచ్చికలో దొరికిన వస్తువుతో ఆడుకొనుచు ఒక యేడేండ్ల బాలిక మరణించినది. కాల్పులు నిలిచినవి గాని గుండ్లు నిలువలేదు. ఆ తరువాత సైన్యమువారు ఆ బీడును గాలించి శుభ్రపఱచిరి. 2016లో అది యాత్రికులకు తెఱవబడినది. శుభ్రపఱచుట సాధ్యమే యని దీనివలన తేలినది. సాధ్యమైన పని యేబదియేండ్లు ఏల యాగవలసెనని యడుగుట దేశద్రోహము కాదు.

జార్ఖండమందలి నేతర్‌హాటు కథ వేఱువిధము. అచ్చటను 1964 మొదలుకొని కాల్పులు సాగినవి. ప్రతిసారియు గిరిజనులు ఇండ్లు విడిచి, పసరములను తోలుకొని దూరమునకు పోవలసియుండెను. 1994 మార్చిలో వేలకొలది జనులు దారికడ్డముగా కూర్చుండి, సైనికుల బండ్లను వెనుకకు మరలించిరి. ఒక్కరాయియైన విసరలేదు. 245 గ్రామములను తాకు ఆ ప్రకటనను ఇక పొడిగింపమని రాష్ట్రప్రభుత్వము 2022 ఆగస్టులో తెలిపెను. ఇరువదియెనిమిదేండ్ల యోర్పు ఫలించినది.

వేటగాండ్రిట్టి భూములలోనికి పోవుటకు గల కారణము విచిత్రమైనది. నాగలి లేని చోట, ఇల్లు లేని చోట, గొడ్డలి లేని చోట గడ్డి దట్టముగా పెరుగును. జింకలు, కుందేళ్లు, పందులు నిర్భయముగా పెరుగును. మనుష్యుని భయమునకు మృగము పాఱిపోవుచుండగా, మనుష్యుడు రాని చోటు దానికి స్వర్గమగును. వేటగాడు మృగమును వెంబడించి కన్ను ముందు నిలిపి పోవును. కాలిక్రింద నేమున్నదో చూడడు. ఒకవేళ చూచినను ఆతని చేతులు రెండు విధముల కట్టబడియున్నవి. ఇత్తడి, రాగి, ఇనుము పాతసామానుల దుకాణములో తూకమునకు అమ్ముడగునన్న యాశ యొకటి. పోలీసులకు చెప్పిన తన చొరబాటు బయటపడునన్న భయ మొకటి. ఆశ గెలిచినచో ఆతడు చచ్చును. భయము గెలిచినచో ఆతని వెనుక వచ్చినవాడు చచ్చును.

ఇప్పుడు శాసనము మాట. సైనికుల చాందుమారికి సంబంధించి మనకున్నది 1938 నాటి శాసనము. పరప్రభుత్వకాలపుది, నేటికిని వాడుకలో నున్నది. కాల్పుల భూమిని ప్రభుత్వము ప్రకటింపవలెననియు, ప్రమాదస్థలమునుండి మనుష్యులను పశువులను తొలగింపవలెననియు, కలిగిన నష్టమునకు, పోయిన కూలికి, చెడిన పైరునకు పరిహార మీయవలెననియు అందు కలదు. సైనిక విన్యాసములకై వాడిన భూమిని వీలైనంత త్వరగా, వీలైనంత మట్టుకు పూర్వస్థితికి తేవలెనని సేనానాయకునకు విధి యేర్పఱుపబడినది. మాటలు మంచివే. కాని "పూర్వస్థితి" యనగా గుంటలు పూడ్చి, కంచెలు నిలుపుట మాత్రమేనా? మట్టిలో నిద్రించు ఇనుమునుగూడ ఏఱివేయుటయా? పశులకాపరి యడుగువేయగల స్థితియే భూమికి పూర్వస్థితి యని మేము వాదింతుము. ఆ మాటను శాసనమున స్పష్టముగా వ్రాయవలెను. "వీలైనంత" యను మాటయొక్క పొడవెంతయో నిర్ణయింపవలెను.

ఇందులో నింకొక వింత గలదు. యుద్ధమునందు పేలక మిగిలిన ఆయుధముల విషయమై 2003 నవంబరు 28న పలు దేశములు కలిసి యొక యొడంబడిక చేసికొన్నవి. వాడిన గుండ్ల లెక్కను, తావును వ్రాసి యుంచుట, యుద్ధ మాగిన పిమ్మట ఏఱివేయుట, ప్రజలను హెచ్చరించుట అందలి ముఖ్యవిధులు. భారతదేశము దానిని 2005లోనే యంగీకరించినది. మన కది గౌరవము. కాని యా యొడంబడిక యుద్ధమునకే గాని నేర్పునకు కాదు. అనగా రేపు యుద్ధము జరిగిన భూమికి కల రక్షణ నేడు మన సైనికులే మన నేలమీద కాల్చిన భూమికి ఆ యొడంబడికవలన కలుగదు. పొరుగింటి ముంగిలి యూడ్చుదుమని మాటయిచ్చినవారము మన యింటి ముంగిలికి అదే మాట వ్రాసియిచ్చుటకు వెనుదీయ నేల?

ఇక చెప్పవచ్చినవాని గతి. నిషిద్ధభూమిలో చొరబడినందు కొక నేరము. వేటకై వచ్చినందుకు 1972 శాసనము. పొరపాటున చేతబట్టి తెచ్చినచో 1908 నాటి విస్ఫోటక పదార్థముల శాసనము, దాని క్రింద పదిసంవత్సరముల వరకు శిక్ష. ఇన్ని కత్తులు తలమీద వ్రేలాడుచుండగా పేదవాడు ఠాణా మెట్లెక్కి, "అయ్యా, అచ్చట గుండున్నది" అని చెప్పునని యెవరు నమ్ముదురు?

ఈ చిక్కునకు తెరువు మన దేశమందే కలదు. ఒకకాలమున రోడ్డుపై గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చుటకు జనులు భయపడెడివారు. చేర్చినవానినే పోలీసులు ప్రశ్నించెదరని, సాక్షిగ త్రిప్పెదరని వారి భయము. కన్నులయెదుట ప్రాణములు పోవుచుండ జనులు చూచుచు నిలిచెడివారు. 2016లో సుప్రీముకోర్టు అట్టి సహాయకులను బాధింపగూడదన్న నియమములకు బలము చేకూర్చినది. 2019లో మోటారు వాహనముల శాసనమును సవరించి, సదుద్దేశముతో సహాయము చేసినవానికి రక్షణ కల్పించు 134-ఎ విభాగమును చేర్చిరి. గాయపడినవానిని మోసికొని వచ్చినవానికి రక్షణ యున్నప్పుడు, పదిమంది గాయపడకుండ ముందే మాట మోసికొని వచ్చినవానికి రక్షణ యేల యుండగూడదు?

అమెరికాదేశమున సైనికభూములలో కొన్నింట వేట నిషిద్ధము కాదు. 1960 నాటి సైక్సు శాసనము క్రింద, అనుమతిపత్రము కొన్నవారిని నియమిత దినములలో, నియమిత స్థలములలో వేటకు విడుతురు. పేలని గుండ్ల విషయమై సైన్యమువారు అచ్చటి ప్రజలకు నేర్పు మాటలు మూడే: గుర్తించుము, వెనుదిరుగుము, తెలియజేయుము. మన దేశమున వేటకు తలుపు తెఱువుమని మేము కోరము. మన యడవులలో మృగములు మిగిలినవే కొద్ది. ఆ మూడుమాటలను మాత్రము తెచ్చుకొందము. అచ్చట వేటగాడు తెలియజేయువాడు, ఇచ్చట దాగికొనువాడు. గుండు రెండుచోట్ల నొక్కటే.

కొంద ఱాక్షేపింపవచ్చును: "చెప్పినవానిని క్షమించినయెడల దొంగవేటగాండ్రందఱు గుండు సాకు చెప్పి తప్పించుకొందురు" అని. మేము కోరు క్షమ అంత విశాలమైనది కాదు. చంపిన మృగమునకు క్షమ లేదు. మందుగుండు చేసి పెట్టినవానికి అసలే లేదు. అచ్చట నడుగుపెట్టిన తప్పును మాత్రము, ఆతడు స్వయముగా చెప్పిన మాటనుబట్టియే ఆతనిమీద మోపగూడదు. ఒక చొరబాటును విడిచి యొక ప్రాణమును కొనుట నష్టబేరము కాదు. మఱికొందఱు "సైన్యమునకు నేర్పు వలదా? దేశరక్షణ వలదా?" యందురు. వలయును, తప్పక వలయును. గురి తెలియని సైన్యము దేశమునకు భారము. ఆ సైన్యములోని సిపాయిలు మన పల్లెలనుండి పోయిన బిడ్డలే. పేలని గుండును తొలగింప మొదట చేయిపెట్టువాడును సిపాయియే. కాని రక్షించుటకై నేర్చిన విద్య రక్షింపవలసినవానినే చంపరాదు. కాల్చుట యెట్టి విధియో, కాల్చిన చోటు నూడ్చుటయు అట్టి విధియే.

కావున మేము కోరునవి నాలుగు. ఒకటి: పేలని గుండును, అడవిలోని మందుగుండును సదుద్దేశముతో తెలియజేసినవానిని ఆ తెలియజేయుటయే సాక్ష్యముగ శిక్షింపగూడదని శాసనము చేయవలెను, అంతవఱకు జిల్లా కలెక్టర్లు, పోలీసు అధికారులు ఆ మాటను దండోరా వేయింపవలెను. రెండు: చాందుమారి జరిగిన ప్రతిసారి కాల్చినవెన్ని, పేలినవెన్ని, మిగిలినవెన్ని యను లెక్క వ్రాసి, ఏఱివేయించి, ఆ చుట్టుపట్ల పంచాయతులకు తెలుపవలెను, చదువురానివానికిగూడ తెలియునట్లు బొమ్మలతో, ఆ యూరి భాషలో పలకలు నాటవలెను. మూడు: పాతగుండు ఎన్నియేండ్లకు పేలినను, కాల్పుల కాలము గడచినదన్న నెపముతో పరిహారము నిరాకరింపగూడదు. నాలుగు: పందులవలన పైరు పోయిన రైతునకు సకాలమున పరిహారము, శాసనసమ్మతమైన రక్షణ కలుగవలెను. పైరునకు, ప్రాణమునకు అపాయము కలిగించు మృగమును అధికారి యనుమతితో తొలగించుటకు 1972 శాసనమందే 11వ విభాగమున దారి కలదు. ఆ దారి దూరమై, అర్జీ కాగితములమీదనే పంట తీఱిపోవుచున్నందున రైతు చీకటిదారి పట్టుచున్నాడు.

ప్రభుత్వమువారిని కోరి మనము చేతులు కట్టుకొని కూర్చుండరాదు. మందుగుండు పెట్టువాడు ఏ యూరివాడో ఆ యూరందఱకు తెలియును. ఆతనికి రహస్యముగ మందుగుండు అమ్మువాడును తెలియును. పంది మాంసములో వాటా వచ్చునపుడు అడుగని ప్రశ్న, పెయ్య చచ్చిననాడు అడిగిన నేమి లాభము? పాతయినుము కొనువారు గుండు వంటిది తూకమునకు రాగానే అది యెచ్చటిదని యడుగవలదా? పట్టణములలోని పఠనాలయములలో ఈ పత్రికను చదువు సోదరులు ఒకపని చేయవలెనని మా ప్రార్థన. వచ్చు సంతదినమున మీ యూరి పాఠశాలకు పోయి పిల్లలకు ఈ నాలుగు మాటలు చెప్పుడు: ఎఱుగని ఇనుమును, ఎఱుగని యుండను ముట్టవద్దు, తన్నవద్దు, దానిపై ఱాయి వేయవద్దు. వచ్చిన యడుగుజాడలనే వెనుకకు పొండు. దూరమునుండి ఆ చోటికి కొండగుర్తు పెట్టుకొని, ఇతరులను పోనీయకుడు. దానిదగ్గఱ నిలిచి ఫోను చేయక, బాగుగా దూరము వచ్చిన పిమ్మట 100కు గాని 112కు గాని తెలుపుడు. ఈ మాటలకు ఖర్చు లేదు, ప్రభుత్వాజ్ఞ యక్కఱలేదు.

ఆ రైతునకు మేము ఆనాడు చెప్పలేని యుత్తరమును ఇప్పుడు చెప్పుచున్నాము. చెప్పుము. ఒంటరిగా పోవ భయమైనచో సర్పంచును గాని, బడిపంతులును గాని, మమ్ములను గాని వెంటబెట్టుకొని పొమ్ము. నీ యుచ్చుల విషయమున శాసనము నిన్నడిగినయెడల నీ పక్షమున మేము నిలిచి, ఈతడు చెప్పినందున ఒక ప్రాణము నిలిచినదని న్యాయాధిపతితో మనవి చేయుదుము. అందుకై రుసుము పుచ్చుకొనము. కామారెడ్డి న్యాయవాదులలో ఇట్లు నిలుచువారు మే మొక్కరమే కామని మా విశ్వాసము.

కొన్నిదినముల క్రిందట ఆతడు వాయిదాకై మరల వచ్చెను. పెయ్య యజమానికి సంగతి చెప్పితివా యని యడిగితిమి. చెప్పితినని తలయూపెను. ఏమనెనని యడుగగా ఆతడు కొంతసేపూరకుండి, "రెండు దినాలు మాట్లాడలె సాబు. మూడో దినం నన్ను తోల్కొని అడివికి వోయిండు. ఇద్దరం కలిసి ఇంకోటి దొరుకవట్టినం. ఠాణకు ఆయినె ఫోన్ జేసిండు" అనెను.